స్కోర్‌షీట్‌లో సున్నా, నా పుస్తకంలో మూడు టిక్కులు

ఈసారి సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. బ్యాటర్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోట నేల మీదుండే పలక) దగ్గరికి వెళ్లి వచ్చాక, బాగా ఆడిందో లేదో దేన్ని చూసి చెప్పాలి? నేను పదకొండేళ్లు క్యాచర్‌గా ఆడి, తర్వాత కోచింగ్‌లోకి వచ్చినదాన్ని. అందుకే నా జవాబులు ప్లేట్ వెనక కూర్చుని చూసినట్టు ఉంటాయి. బ్యాటర్ ఒకసారి బ్యాటింగ్‌కి వెళ్లి రావడాన్ని రూల్‌బుక్ 'ప్లేట్ అప్పియరెన్స్' అంటుంది, మైదానంలో మేం 'టర్న్' అంటాం. ఇక్కడా ఆ మాటే వాడతాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అమ్మాయికి పదమూడేళ్లు. మొన్న మ్యాచ్‌లో మూడుసార్లు బ్యాటింగ్‌కి వెళ్లింది, మూడుసార్లూ ఔటే. మొదటిసారి తొమ్మిది బాల్స్ ఆడి సెకండ్ బేస్ వైపు గ్రౌండ్ బాల్ కొట్టింది. రెండోసారి చాలా గట్టిగా కొట్టింది, కానీ నేరుగా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) చేతిలోకి వెళ్లింది. మూడోసారి సెకండ్‌లో మా రన్నర్ ఉంది, ఒక్క ఔట్ కూడా పడలేదు. అప్పుడు కుడివైపు గ్రౌండ్ బాల్ కొట్టి ఔటైంది, రన్నర్ థర్డ్‌కి చేరింది. ఇంకో అమ్మాయి రెండుసార్లు కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరింది, అంటే రెండు హిట్లు. అయినా మ్యాచ్ అయ్యాక కోచ్ అందరి ముందూ మా అమ్మాయినే మెచ్చుకున్నారు. ఓదార్చడానికే అలా అన్నారని ఇంటికొచ్చి ఏడ్చింది. నిజంగా బాగా ఆడిందా? – ఒక తల్లి

జవాబు: బాగా ఆడిందమ్మా. మీరు రాసింది రాసినట్టు జరిగి ఉంటే నా పుస్తకంలో ఆ మూడు టర్న్‌లకీ మూడు టిక్కులు పెట్టేదాన్ని. స్కోర్‌షీట్‌లో మూడు ఔట్లు ఉంటాయి, అదీ నిజమే. చివరికి ఏమైందో స్కోర్‌షీట్ రాస్తుంది. ఆ చివరికి చేరేలోపు మీ అమ్మాయి ఏం చేసిందో రాయడానికి అందులో గడి లేదు.

మూడో టర్న్ నుంచి వెనక్కి వస్తాను. సెకండ్‌లో రన్నర్ ఉన్నప్పుడు గ్రౌండ్ బాల్ ఎడమవైపు, అంటే షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్ వైపు వెళ్తే రన్నర్ మామూలుగా కదలలేదు. బయల్దేరితే ఎదురుగానే దొరికిపోతుంది. కుడివైపు వెళ్తే ఫీల్డర్‌కి ఫస్ట్ బేస్‌లో ఔట్ తీసుకోవడమే తేలిక, ఈలోగా రన్నర్ థర్డ్‌కి చేరిపోతుంది. థర్డ్‌లో రన్నర్ ఉండి ఒకటే ఔట్ పడి ఉంటే రన్ రావడానికి తర్వాతి బ్యాటర్‌కి హిట్ కూడా అక్కర్లేదు. ఔట్‌ఫీల్డ్‌లోకి లోతుగా ఒక ఫ్లై (గాల్లోకి లేచే బాల్) చాలు. క్యాచర్ దగ్గర బాల్ జారినా చాలు. మీ అమ్మాయి ఒక ఔట్ ఇచ్చి జట్టుకి ఇన్ని దారులు తెచ్చిపెట్టింది. నాకు ఏళ్ల తరబడి మింగుడుపడని సంగతి ఒకటుంది. రన్నర్‌ని జరిపే పని బంట్‌తో (బ్యాట్ ఊపకుండా బాల్‌ని మెల్లగా తాకించడం) చేస్తే సాక్రిఫైస్ అని రాసి యావరేజ్ (హిట్ల సగటు) లెక్కలోకి తీసుకోరు. గ్రౌండ్ బాల్‌తో చేస్తే మామూలు ఔట్‌గా రాసి యావరేజ్ తగ్గిస్తారు. పిల్ల చేసిన మేలు ఒకటే.

రెండో టర్న్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. బాల్‌ని గట్టిగా కొట్టడం వరకే బ్యాటర్ చేతిలో ఉంటుంది, ఎవరి చేతిలో పడుతుందన్నది ఉండదు. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్, 1962, ఏడో మ్యాచ్, చివరి ఇన్నింగ్స్. యాంకీస్ 1-0తో ముందుంది. జెయింట్స్‌కి రెండు ఔట్లు పడ్డాయి, సెకండ్‌లో విల్లీ మేస్, థర్డ్‌లో మ్యాటీ అలూ ఉన్నారు. విల్లీ మెకోవీ బ్యాట్ నుంచి నిప్పులా లైన్ డ్రైవ్ బయల్దేరింది. కాస్త అటో ఇటో వెళ్తే ఇద్దరూ ఇంటికొచ్చి, అంటే హోమ్ ప్లేట్ చేరి రన్స్ తెచ్చి, సిరీస్ జెయింట్స్‌దే అయ్యేది. అది సెకండ్ బేస్‌మన్ బాబీ రిచర్డ్‌సన్ గ్లవ్‌లోకి వెళ్లింది. సిరీస్ యాంకీస్‌కి పోయింది. మెకోవీ ఆ టర్న్ చెడ్డగా ఆడాడని ఎవరంటారు?

ఇక మొదటి టర్న్, ఆ తొమ్మిది బాల్స్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి టర్న్ అంటే ఏమిటో నాకు నేర్పింది అలాంటిదే ఒకటి.

నేను ఆడే రోజుల్లో ఒక సెమీఫైనల్. మా పిచ్చర్ మంచి ఊపులో ఉంది. మూడు ఇన్నింగ్స్‌లు ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వలేదు. నాలుగో ఇన్నింగ్స్ మొదట్లో ఓ పొట్టి అమ్మాయి వచ్చింది, ఎడమచేతి బ్యాటర్. రెండు బాల్స్‌లో రెండు స్ట్రైక్‌లు (ఊపి తప్పినవో, కొట్టదగ్గ చోటికి వచ్చినా వదిలేసినవో), మూడోది పడితే ఔట్. ఇక అయిపోయిందనుకుని రైజ్ బాల్ అడిగాను, భుజాల పైకి లేచేది. ఆ రోజు అప్పటిదాకా వచ్చినవాళ్లందరూ దానికి బ్యాట్ ఊపారు. ఈ అమ్మాయి ఊపలేదు. బ్యాట్ కొన కాస్త వణికింది, ఆగింది. సరే, బయట కిందకి డ్రాప్ వేయించాను. దాన్ని చివరి క్షణంలో తగిలించి ఫౌల్ చేసింది, అంటే గీతల బయటికి కొట్టి ఔట్ తప్పించుకుంది. చేంజప్ (అదే ఊపుతో వేసినా నెమ్మదిగా వచ్చే బాల్) వేయించాను. మోకాళ్లు వంగిపోయి పడబోయింది, అయినా చేతులు వెనకే ఉంచుకుని దాన్నీ ఫౌల్ చేసింది. మళ్లీ రైజ్, మళ్లీ వదిలేసింది. లోపలికి ఫాస్ట్ వేస్తే తన కాలికే కొట్టుకుంది, అదీ ఫౌలే. ఆ కాలు దులుపుకుంటున్నప్పుడు మా పిచ్చర్ నా వంక చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. 'ఇంకేం వేయను?' అని అడిగినట్టుంది. నా దగ్గర జవాబు లేదు. మా దగ్గరున్నవన్నీ అప్పటికే చూపించేశాం.

చివరికి సెకండ్ బేస్ వైపు గ్రౌండ్ బాల్ కొట్టి ఔటైంది. మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆ అమ్మాయి డగౌట్‌కి వెళ్తూ, తర్వాత వచ్చే బ్యాటర్ పక్కన ఒక్క క్షణం ఆగి మెల్లగా ఓ మాట చెప్పింది. మాస్క్ వెనక నుంచి నాకు వినిపించింది: "చేంజప్ వేసేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తోంది, చూడు." తర్వాతి అమ్మాయి రైజ్‌లన్నీ వదిలేసి, చేంజప్ కోసం కాచుకుని, దాన్ని సెంటర్ ఫీల్డ్‌లోకి కొట్టింది. ఆ ఇన్నింగ్స్‌లో మూడు రన్స్ ఇచ్చాం, మ్యాచ్ ఓడిపోయాం. స్కోర్‌షీట్‌లో ఆ పొట్టి అమ్మాయి గడిలో '4-3' అని ఉంటుంది, అంటే సెకండ్ బేస్ నుంచి ఫస్ట్‌కి విసిరి చేసిన ఔట్. మమ్మల్ని ఓడించింది ఆ అమ్మాయేనని నాకు తెలుసు, మా పిచ్చర్‌కి తెలుసు.

అప్పటి నుంచి ఏ టర్న్ చూసినా నేను అడిగేది ఒకటే. ఈ బ్యాటర్‌ని ఔట్ చేయడానికి అవతలివాళ్లు ఎంత ఖర్చు పెట్టాల్సొచ్చింది? ఒక్క బాల్‌తో పని అయిపోయిందా, లేక ఉన్నదంతా బయటపెట్టాల్సొచ్చిందా?

రెండు హిట్లు కొట్టిన అమ్మాయిని తక్కువ చేసి మాట్లాడకండి. నేను ఆ మ్యాచ్ చూడలేదు, అవి బంగారంలాంటి హిట్లే అయి ఉండొచ్చు. మీ అమ్మాయిని మాత్రం "ఎన్ని కొట్టావ్?" అని కాకుండా "ఆ తొమ్మిది బాల్స్‌లో ఏమేం వచ్చాయి?" అని అడిగి చూడండి. వరసగా చెప్పగలిగితే తన కళ్లు పనిచేస్తున్నాయని అర్థం.

ప్రశ్న: కోచ్ గారూ, నేను కొత్తగా చేరిన పీఈటీని. జట్టుకి ఒక చార్ట్ తయారు చేశాను. హిట్, వాక్ (కొట్టదగ్గ చోటు బయట నాలుగు బాల్స్ పడితే దక్కే బేస్), బాడీకి బాల్ తగిలి బేస్ రావడం, రన్నర్‌ని జరిపిన ఔట్, గట్టిగా కొట్టిన బాల్, ఎనిమిది బాల్స్ దాటిన టర్న్, వీటిలో ఏదున్నా ఒక మార్కు. అమెరికాలో కోచ్‌లు 'క్వాలిటీ ఎట్ బ్యాట్' అని ఇలాగే లెక్క రాస్తారట. ఇది సరిపోతుందా?

జవాబు: ఏమీ రాయకపోవడం కన్నా వెయ్యిరెట్లు నయం, రాయండి. కానీ ఎనిమిది బాల్స్ అన్న లైను దగ్గర జాగ్రత్తగా ఉండండి. నేనూ మొదట్లో అలాంటి చార్టే గోడకి అంటించాను. నెల తిరక్కుండానే మా జట్టులో మంచి బ్యాటర్ ఒకామె, ప్లేట్ నడిమధ్యకి వచ్చిన మొదటి రెండు బాల్స్‌ని చూస్తూ వదిలేయడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే, "మొదటి బాల్‌కే కొడితే మార్కు పోతుంది కదా మేడమ్" అంది. ఆ అలవాటు నా చార్టే నేర్పింది. కొట్టడానికి ఇంతకన్నా మంచి బాల్ రాదనిపిస్తే మొదటి బాల్‌నే కొట్టాలి. ఒక్క బాల్‌తో ముగిసిన టర్న్ అద్భుతంగా ఉండొచ్చు, పది బాల్స్ ఆడిన టర్న్ చేతకానిదై ఉండొచ్చు. తేలికైన బాల్‌ని ఫౌల్ చేసుకుని, కొట్టరాని బాల్ వెంటపడి ఫౌల్ చేసుకుని, అలా తొమ్మిదికి చేరినవాళ్లనీ చూశాను.

పొడుగు టర్న్ విలువ ఏమిటో కూడా విడమరచి చూడాలి. 2018 ఏప్రిల్ 22న జెయింట్స్ ఆటగాడు బ్రాండన్ బెల్ట్, ఏంజిల్స్ పిచ్చర్ హైమే బరియా మీద 21 బాల్స్ ఆడాడు. అందులో 16 ఫౌల్స్. దాదాపు 13 నిమిషాలు పట్టింది. చివరికి రైట్ ఫీల్డ్‌లో క్యాచ్ ఇచ్చి ఔటయ్యాడు. కానీ అది మొదటి ఇన్నింగ్స్. బరియా మూడో ఇన్నింగ్స్ పూర్తి చేయలేకపోయాడు, మ్యాచ్ జెయింట్స్ గెలిచింది. బేస్‌బాల్‌లో పిచ్చర్ చేతిలో ఎన్ని బాల్స్ మిగిలాయన్నది పెద్ద లెక్క. అలసిపోయిన చేతిని మార్చాల్సిందే.

సాఫ్ట్‌బాల్‌లో ఈ లెక్క వేరు. కింది నుంచి తిప్పి వేసే పిచ్చర్లు చాలాసేపు వేయగలరు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యూకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు వేసింది. మొత్తం 413 బాల్స్. మూడోది ఫైనల్, అమెరికాని 3-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అలాంటి పిచ్చర్‌ని మీ పిల్లలు ఫౌల్స్‌తో అలసిపోయేలా చేస్తారని ఆశపెట్టుకోవద్దు. సాఫ్ట్‌బాల్‌లో పొడుగు టర్న్ వల్ల లాభం, అన్ని రకాల బాల్సూ బయటికి వస్తాయి, డగౌట్‌లో కూర్చున్న ఎనిమిది జతల కళ్లు వాటిని చూస్తాయి. చూడకుండా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే ఆ లాభమూ లేదు. అందుకే బ్యాటర్ వెనక్కి రాగానే "ఏం చూశావ్?" అని అందరి ముందూ అడిగించండి.

నేను చార్ట్‌లో చేసిన మార్పు చిన్నది. స్కోరర్‌కి ఇంకో పని చెప్పాను. ప్రతి బాల్‌కీ, బ్యాటర్ ఊపిందా వదిలేసిందా, ఆ బాల్ స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీద కొట్టదగ్గ చోటు) లోపలా బయటా, అంతే, ఒక చుక్క. మ్యాచ్ అయ్యాక ఆ చుక్కలు చూస్తే మీకు తెలిసిపోతుంది. లోపలి బాల్స్‌కి ఊపి, బయటివి వదిలేసిన టర్న్ ఎలా ముగిసినా దాదాపు మంచిదే. బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ తన స్ట్రైక్ జోన్‌ని 77 బాల్స్‌గా పేర్చి, ఏ చోటికి వచ్చిన బాల్‌ని కొడితే తన యావరేజ్ ఎంత ఉంటుందో అంచనా రాసుకున్నాడు. నడిమధ్యలో 400, అంటే వెయ్యికి నాలుగు వందల హిట్లు, బయట అడుగున 230. అదే మనిషి, అదే బ్యాట్, రెండూ స్ట్రైక్‌లే. అంత తేడా. ఏ బాల్‌ని ఎంచుకున్నామన్న దగ్గరే సగం బ్యాటింగ్ అయిపోతుంది.

ఆ చుక్కల పక్కనే కౌంట్ కూడా రాయించండి, అంటే అప్పటికి ఎన్ని 'బాల్'లు (జోన్ బయట పడితే బ్యాటర్ వదిలేసినవి), ఎన్ని స్ట్రైక్‌లు అయ్యాయన్నది. మూడు బాల్స్, ఒక స్ట్రైక్ ఉన్నప్పుడు పిచ్చర్‌కి ఇరకాటం, స్ట్రైక్ వేయక తప్పదు. అప్పుడు బ్యాటర్ తనకి ఇష్టమైన చోట వచ్చిన బాల్‌ని మాత్రమే కొట్టాలి. ఆ కౌంట్‌లో తల మీదికి వచ్చిన రైజ్ బాల్‌కి ఊపి, అది బ్యాట్ అంచుకి తగిలి ఫీల్డర్ల మధ్య పడితే స్కోర్‌షీట్‌లో హిట్ అని ఉంటుంది. నేను టిక్కు పెట్టను. పిల్లలకి కోపం వస్తుంది, రానివ్వండి. రేపు అదే బాల్‌కి క్యాచ్ ఇచ్చినప్పుడు అర్థమవుతుంది.

గట్టిగా కొట్టడాన్ని ఎలా కొలవాలని మీరు అడగలేదు, అయినా చెప్తాను. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2015 నుంచి అన్ని స్టేడియాల్లోనూ బ్యాట్ నుంచి బాల్ బయల్దేరే వేగాన్ని యంత్రాలతో కొలుస్తున్నారు. గంటకి 95 మైళ్లు, అంటే సుమారు 153 కిలోమీటర్లు, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 'హార్డ్ హిట్'. మనకి ఆ యంత్రాలు అక్కర్లేదు. ఫీల్డర్ కాళ్లు చూడండి. నడిచి వెళ్లి పట్టుకుందా, అడుగు వేసే టైమ్ లేక ఉన్నచోటే చెయ్యి పెట్టిందా? అది చాలు.

కొన్ని టర్న్‌లు ఎటూ తేలవు. వాటికి నేను అడ్డగీత గీసి వదిలేస్తాను. అన్నిటికీ మార్కు వేయాలని పంతం వద్దు.

ప్రశ్న: అక్కా, నేను తొమ్మిదో క్లాసు. రెండు స్ట్రైక్‌లు పడ్డాక బయటికి వెళ్తోందనుకుని బాల్ వదిలేశాను. అంపైర్ స్ట్రైక్ అన్నారు. "బ్యాట్ ఊపకుండా ఔటవుతావా" అని అందరూ తిట్టారు. ఊపి ఔటైన వాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఇప్పుడు రెండు స్ట్రైక్‌లు పడితే చాలు, టెన్షన్‌తో చేతులు బిగుసుకుపోతున్నాయి.

జవాబు: తల్లీ, ఇదే జరిగింది నాకు కూడా. నీకన్నా ఒక ఏడాది పెద్దదాన్ని అప్పుడు. ఊపకుండా ఔటయ్యానని మా కోచ్ తర్వాతి మ్యాచ్‌లో నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఆ సీజన్ అంతా రెండు స్ట్రైక్‌లు పడగానే వచ్చిందల్లా కొట్టబోయాను. మాస్క్ ఎత్తుకు వచ్చినా, నేల తాకినా ఊపడమే. అవతలి క్యాచర్లకి నా సంగతి తెలిసిపోయింది, ఇక నాకు స్ట్రైక్ వేయడమే మానేశారు. ఆ కోచ్ మీద నాకున్న బాధ అదే. ఒక ఔట్ గురించి తిట్టి, నా కళ్లని నేను నమ్మకుండా చేశారు. నీకలా కాకూడదు.

మూడో స్ట్రైక్‌కి ఊపినా ఊపకపోయినా ఔట్ ఔటే. ఊపడంలో ఒక చిన్న మేలుంది, ఫౌలో ఏదో తగలొచ్చు. రెండింటికీ వర్తించే సంగతి ఒకటి చాలామంది మరచిపోతారు. ఫస్ట్ బేస్ ఖాళీగా ఉన్నప్పుడు, లేదా రెండు ఔట్లు పడి ఉన్నప్పుడు, మూడో స్ట్రైక్‌ని క్యాచర్ నేల తాకకుండా పట్టుకోలేకపోతే నువ్వు ఫస్ట్‌కి పరిగెత్తొచ్చు. ఊపి తప్పినా సరే, చూస్తూ వదిలేసినా సరే. తల దించుకుని డగౌట్ వైపు నడవకు, ముందు బాల్ ఎక్కడుందో చూడు. నేను క్యాచర్‌గా బాల్ జారవిడిచి, బ్యాటర్ వెనక్కి నడిచి వెళ్లిపోవడం వల్ల బతికిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు నువ్వు వదిలేసిన బాల్ సంగతి. అది ప్లేట్ అంచుకి ఒక బాల్ వెడల్పు దూరంలో ఉందా, లేక అంచుని రాసుకుంటూ వెళ్లిందా? దూరంగా ఉంటే నీ కన్ను సరిగ్గానే చూసింది, అది అంపైర్ పొరపాటు, నీ టర్న్‌లో తప్పు లేదు. అంచుని రాసుకుంటూ వెళ్తే, రెండు స్ట్రైక్‌లు పడ్డాక ఆ బాల్‌ని వదలకూడదు, ఫౌల్ చేసి బతకాలి. ఇంకో మాట, ఆ అంపైర్ అంతకుముందు ఇన్నింగ్స్‌లో ఆ చోటే స్ట్రైక్ ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆ సంగతి నువ్వు గమనించాల్సింది. ప్రతి అంపైర్ జోన్‌కీ కాస్త తేడా ఉంటుంది. నీ ముందు ఆడిన ఇద్దరు బ్యాటర్లకి ఏం ఇచ్చారో చూసి ప్లేట్ దగ్గరికి వెళ్లడం కూడా బ్యాటింగ్‌లో భాగమే.

పెద్ద అమ్మాయిల మ్యాచ్‌లో పిచ్చర్ 43 అడుగుల దూరం నుంచి వేస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బాల్‌కి ఆ దూరం అర సెకను లోపే. అంతలో తేల్చుకోవాలంటే కన్ను ముందే అలవాటు పడి ఉండాలి. మీ పిచ్చర్లు ప్రాక్టీస్ వేస్తున్నప్పుడు హెల్మెట్ పెట్టుకుని, బ్యాట్ పట్టుకుని ప్లేట్ పక్కన నిలబడు. ఊపకు. ప్రతి బాల్‌కీ అది క్యాచర్ చేతిలో పడకముందే 'బాల్' అనో 'స్ట్రైక్' అనో గట్టిగా చెప్పు, క్యాచర్ నిన్ను సరిదిద్దుతుంది. రోజుకి ఒక ముప్పై బాల్స్ చాలు. నా కన్ను తిరిగి దారికొచ్చింది ఇలాగే.

ప్రశ్న: నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని. వాక్ అంటే నాలుగు వైడ్‌లు ఏరుకోవడమే కదా? అందులో బ్యాటర్ గొప్పేముంది?

జవాబు: వైడ్ ఎవరైనా వదిలేస్తారు, అది దూరంగా పోతుంది. వాక్ రావాలంటే స్ట్రైక్‌లా బయల్దేరి చివర్లో పక్కకి తప్పుకునే బాల్స్‌ని వదలాలి, మధ్యలో మూడు స్ట్రైక్‌లు పడకుండా కాచుకోవాలి. బేస్‌బాల్‌లో వాక్‌కి ఎంత విలువ ఇవ్వాలన్నది పాత తగవే. 1887లో ఒక్క సీజన్ పాటు వాక్‌ని హిట్‌గానే లెక్కగట్టి, తర్వాత మానేశారు.

2004 అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ యాంకీస్ మీద మూడు మ్యాచ్‌లు ఓడి, నాలుగోదాంట్లో తొమ్మిదో ఇన్నింగ్స్‌కి 4-3తో వెనకబడి ఉంది. ఎదురుగా యాంకీస్ చివర్లో దించే మేటి పిచ్చర్ మరియానో రివేరా. కెవిన్ మిలార్ వాక్ తీసుకున్నాడు. అతని బదులు పరిగెత్తడానికి వచ్చిన డేవ్ రాబర్ట్స్ సెకండ్ దొంగిలించాడు (పిచ్చర్ బాల్ వేస్తుండగానే పరిగెత్తి చేరాడు), బిల్ మ్యూలర్ హిట్‌తో ఇంటికొచ్చాడు. బోస్టన్ ఆ మ్యాచ్ గెలిచింది, సిరీస్ గెలిచింది, వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. అందరూ రాబర్ట్స్ దొంగతనాన్ని తలుచుకుంటారు. నేను మిలార్ వదిలేసిన నాలుగు బాల్స్‌ని తలుచుకుంటాను.

ప్రశ్న: బంట్ చేసి ఔటైతే అది మంచి టర్నేనా? – ఒక ప్లేయర్

జవాబు: రన్నర్ జరిగితే, ఆ ఒక్క రన్ మ్యాచ్‌కి అవసరమైతే, మంచిదే. నాలుగు రన్స్ వెనకబడి ఉన్నప్పుడు బంట్ చేస్తే ఒక ఔట్ ఊరికే ఇచ్చినట్టు. సాఫ్ట్‌బాల్‌లో ఏడు ఇన్నింగ్స్‌లకి ఉన్నవి 21 ఔట్లే. ఇంకొకటి, రెండు స్ట్రైక్‌లు పడ్డాక బంట్ ఫౌల్ అయితే ఔట్. కాబట్టి బంట్ మంచి టర్నా కాదా అన్నది రెండు స్ట్రైక్‌లు పడేలోపే తేలిపోవాలి.

ప్రశ్న: మీ జవాబులు చదువుతుంటే యావరేజ్ దండగ అన్నట్టుంది. ఊరికే గట్టిగా కొట్టి ఔటవుతూ ఉంటే మ్యాచ్‌లు ఎవరు గెలుస్తారు? నేను మా జట్టుకి స్కోరర్‌ని.

జవాబు: మీ కోపం న్యాయమైనదే. యావరేజ్ దండగ అని నేను ఎన్నడూ అనలేదు. ఒక టర్న్‌ని యావరేజ్‌తో తూచొద్దంటున్నాను. ఒక సీజన్‌ని తూచండి, తప్పకుండా. నూట యాభై టర్న్‌ల తర్వాత కూడా హిట్లు లేవంటే, 'పాపం అదృష్టం బాగాలేదు' అనడం పిల్లకి మేలు చేయదు. ఎక్కడో లోపం ఉంది, వెతకాలి.

అయినా యావరేజ్ ఎంత చెప్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడండి. 1941లో టెడ్ విలియమ్స్ యావరేజ్ 406. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో 400 ఎవరికీ అందలేదు. సీజన్ చివరి రోజు పొద్దున అతని యావరేజ్ 400కి వెంట్రుకవాసి తక్కువ, దగ్గరి అంకెకి సర్దితే 400. ఆడకుండా కూర్చుంటే ఆ 400 దక్కేది. ఆ రోజున్న రెండు మ్యాచ్‌లూ ఆడి ఎనిమిదింటికి ఆరు హిట్లు కొట్టాడు. అంతటి సీజన్‌లో కూడా పదింట్లో ఆరు హిట్ కాలేదు. ఆ ఆరింట్లో మంచివి ఏవో, చెడ్డవి ఏవో యావరేజ్ చెప్పదు. వాక్‌లైతే ఆ లెక్కలో అసలు లేవు. ఆ సీజన్‌లో 140కి పైగా వాక్‌లు తీసుకుని 27 సార్లే స్ట్రైక్ ఔటయ్యాడని తెలిస్తేనే అతను ఏ బాల్‌ని వదిలేవాడో మనకి అందుతుంది. కెరీర్ మొత్తమ్మీద బేస్ ఎక్కిన లెక్కలో అతని 482ని మేజర్ లీగ్‌లో ఇంతవరకు ఎవరూ దాటలేదు.

మీరు స్కోరర్ కాబట్టి మిమ్మల్ని ఒకటి అడుగుతాను. యావరేజ్ పక్కన బేస్ ఎక్కిన లెక్క కూడా రాయండి. హిట్లు, వాక్‌లు, బాడీకి బాల్ తగిలి వచ్చిన బేస్‌లు కలిపి, వాటిని టర్న్‌లతో భాగించండి. టర్న్‌లలో సాక్రిఫైస్ ఫ్లైలు లెక్కలోకి వస్తాయి, సాక్రిఫైస్ బంట్‌లు రావు. ఆ పక్కనే ఇంకో కాలమ్ ఖాళీగా వదిలి, నేను పైన చెప్పిన చుక్కలు పెట్టండి. ఇప్పుడు నాకు ఒక అమ్మాయి ఉంది, సీజన్ మొదట్లో ఐదు మ్యాచ్‌లకి ఒకటే హిట్, చుక్కలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. బ్యాటింగ్ ఆర్డర్‌లో కిందికి దించమని అందరూ అన్నారు. మూడో స్థానంలోనే ఉంచాను. ఆరో మ్యాచ్‌లో మూడు కొట్టింది. ఇంకో అమ్మాయికి అదే ఐదు మ్యాచ్‌ల్లో ఏడు హిట్లు. చుక్కలు చూస్తే సగం బయటి బాల్స్‌కే ఊపింది. ఆ అమ్మాయితో రోజూ సాయంత్రం పావుగంట ప్లేట్ పక్కన నిలబడి 'బాల్', 'స్ట్రైక్' చెప్పిస్తున్నాను, ఇంకా ఫలితం తేలలేదు.

ఆరు మ్యాచ్‌లు ఇలా రాసి ఆ కాగితాలు నాకు పంపండి. కలిసి చూద్దాం.